మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో చేసి దిగినవాళ్ల సంఘంలో నాన్నగారు చేరొచ్చా?

బాబూ, మీరు అడిగినవి రెండు. ఇంటెలిజెన్స్ కోర్‌లో చేసి నిరుడు పెన్షన్ వచ్చిన నాన్నగారు పాత తోటివాళ్ల సంఘంలో చేరితే రహస్యాల పేరుతో ఇబ్బందేమైనా వస్తుందా అన్నది ఒకటి. అదే కోర్‌లో ఇంకా సర్వీసులో ఉన్న మీ తమ్ముడు కూడా చేరొచ్చా అన్నది రెండోది. నేనూ ఆ కోర్‌లోనే హవల్దార్‌గా చేసి దిగాను. మావైపు అలాంటి చిన్న సంఘం ఒకటుంటే పదకొండేళ్లుగా అందులో ఉన్నాను. నాన్నగారిని చేరమనండి. తమ్ముణ్ని మాత్రం వద్దనండి.

తమ్ముడి సంగతి ముందు తేల్చేస్తాను. సైన్యంలో ఉన్నవాళ్లకు సంఘాలు పెట్టుకునే హక్కును తగ్గించే వీలు రాజ్యాంగం 33వ అధికరణంలోనే ఉంది. దాన్నిబట్టే 1950 ఆర్మీ యాక్ట్ 21వ సెక్షన్, 1954 ఆర్మీ రూల్స్‌లో 19వ రూలు వచ్చాయి. సైన్యంలో భాగంగా గుర్తింపు లేని ఏ సంఘంలోనైనా చురుగ్గా తిరగాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆటపాటలదో భక్తికి సంబంధించినదో అయినా పైఅధికారి దగ్గర ముందే రాతలో తీసుకోవాలి. కాబట్టి పేరు రాయించుకోవద్దు, చందా కట్టొద్దు, వాట్సాప్ గ్రూపులోనూ ఉండొద్దు. పెళ్లిలో కనబడితే నమస్కారం పెట్టి పలకరించడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక నాన్నగారు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. 1923 అధికార రహస్యాల చట్టం పెన్షన్‌తో వదిలిపెట్టదు, పదవిలో ఉన్నవాళ్లకీ, ఒకప్పుడు ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. కానీ మా సమావేశానికి ఒక్కసారి వస్తే ఆయనకే నవ్వొస్తుంది. అక్కడ ఎవరు ఎక్కడ ఏం చేశారో ఎవరూ అడగరు. పక్కపక్క బల్లల మీద మూడేళ్లు కూర్చున్న ఇద్దరు కూడా ఒకరి ఫైలు ఒకరు చూసి ఎరగరు. పనికి కావలసినంతే తెలుసుకోవడం అప్పుడే ఒంటబట్టింది. మా మాటలన్నీ పుణె ట్రైనింగ్ స్కూల్లో ఉస్తాద్‌ల తిట్లు, లంగర్ (సైనికుల వంటశాల) పప్పు, మోకాళ్ల నొప్పులు, ఈసీహెచ్‌ఎస్‌లో, అంటే మాజీ సైనికుల వైద్య పథకంలో, మందుల కొరత. ‘సదా సతర్క్’ (ఎప్పుడూ అప్రమత్తం) అన్న కోర్ నినాదాన్ని గుండెల మీద రాసుకు తిరిగినవాళ్లం ఇప్పుడు షుగర్ మాత్ర వేసుకోవడం మర్చిపోతుంటాం.

సంఘం అసలు ఎందుకో నాకు మూడేళ్ల కిందట తెలిసింది. మా బ్యాచ్ వాడొకడు గుండెపోటుతో పోయాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. మాది తాడేపల్లిగూడెం వైపు, పక్కనే మిలిటరీ మాధవరం, కాబట్టి ఫౌజీ కుటుంబాలకు కాగితాల సంగతి ఎంతోకొంత తెలుసు. వీడి ఇంట్లో మాత్రం ఏమీ తెలియదు. ఉద్యోగం గురించి నోరు మెదపకపోవడం అలవాటై, ఆ అలవాటు ముదిరి, పెన్షన్ ఎంతొస్తుందో కూడా భార్యకు చెప్పలేదు. నల్ల ట్రంకుపెట్టె తాళంచెవి మొలతాడుకే ఉండేది. దినవారాలయ్యాక చెల్లెమ్మ మమ్మల్ని పిలిచి పెట్టె తెరిపించింది. తీరా చూస్తే డిశ్చార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం), రెండు మెడల్స్, ఒక గ్రూప్ ఫొటో. అంతే. ఆమె అక్కడే కూర్చుని, ‘దీనికా అన్నయ్యా ఇన్నేళ్లు తాళం?’ అంది. నాకు జవాబు తోచలేదు.

చిక్కు వాడి భార్య పేరు దగ్గర వచ్చింది. సర్వీసు రికార్డులో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘వెంకటలక్ష్మి’, పుట్టిన సంవత్సరం కూడా వేరు. వాడు సర్వీసులో ఉండగా ఒక అర్జీ పెట్టుకుని పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదుచేసే ఉత్తర్వు) వేయించుకుంటే పోయేది. వాడు పోయాక ఆమె ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నాలుగు నెలలు తిరిగింది. మా సంఘంలో క్లర్కు ట్రేడ్ పెద్దాయన ఒకరున్నారు. ఆయన అఫిడవిట్ రాయించి, రికార్డ్ ఆఫీసుకు పంపి, స్పర్శ్ అనే రక్షణశాఖ పెన్షన్ పోర్టల్‌లో సరిచేయించేదాకా వదల్లేదు. ఎనిమిదో నెలలో కుటుంబ పెన్షన్ బకాయిలతో సహా పడింది. రిటైరయ్యాక పోయినవాళ్ల భార్యకు మొదటి ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 నిండే తేదీదాకా, ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటు కుటుంబ పెన్షన్ వస్తుంది. ఆ తర్వాత ఆఖరి జీతంలో 30 శాతానికి తగ్గుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పిందీ ఆయనే. మీ ఇంట్లోనూ అమ్మగారి పేరు పీపీవోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఈ ఆదివారమే చూడండి. నాన్నగారు విసుక్కుంటారు, పట్టించుకోకండి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఫోన్ దగ్గర. 2019 డిసెంబరులో విశాఖపట్నం నేవీ కేసు గుర్తుందా? ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం పెంచుకున్న పాకిస్తాన్ గూఢచారులకు సమాచారం ఇచ్చారని ఏడుగురు నేవీ వాళ్లను పట్టుకున్నారు. ఆ తర్వాత 2020 జూలైలో ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసెయ్యమంది. ఆ గూఢచారుల వల రిటైరైనవాళ్ల మీదా పడుతుంది. మా గ్రూపులోకీ ఒకసారి కోర్ బ్యాడ్జి ఫొటో పెట్టుకున్నవాడొకడు దూరాడు. రెండు రోజులు గుడ్ మార్నింగ్‌లు పెట్టి, మూడో రోజు ‘మన పాత యూనిట్ ఇప్పుడెక్కడుంది సాబ్?’ అన్నాడు. పెన్షన్ వెరిఫికేషన్ పేరుతో ఆఖరి యూనిట్ వివరాలు అడిగే ఫోన్లూ వస్తాయి. ఫౌజీ భాషలో వాటిని పీఐవో కాల్, అంటే పాకిస్తాన్ గూఢచారి ఫోన్, అంటాం. అప్పటి నుంచి ఎదురుగా కూర్చుని టీ తాగి, డిశ్చార్జ్ బుక్కు చూపించినవాణ్నే గ్రూపులో చేర్చుకుంటున్నాం.

చేరేముందు ఆ సంఘం 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైందా, చందాకు రసీదు ఇస్తారా అడగమనండి. సభ్యత్వ ఫారంలో ఏయే యూనిట్లలో ఎక్కడెక్కడ చేశారో రాయమంటే ఆ గడి ఖాళీగా వదిలెయ్యమనండి. మా ఫారంలో ఆ గడే లేదు.