గేటుకు అంటించిన కాగితం మీద తేదీ ఎంత?

ప్రశ్న: హోమ్ లోన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఉద్యోగం పోయి ఏడు నెలలుగా ఈఎంఐలు కట్టలేదు. రెండు క్రెడిట్ కార్డుల వాళ్ల ఫోన్లు భరించలేక చేతిలో ఉన్న డబ్బు వాటికే కట్టాను. బ్యాంకు నుంచి రిజిస్టర్డ్ పోస్టు వస్తే భయపడి తీసుకోలేదు. తర్వాత బ్యాంకు తరఫున వచ్చిన మనిషికి 40 వేలు నగదు ఇచ్చాను, రసీదు ఇవ్వలేదు. ఇప్పుడు గేటుకు స్వాధీనం నోటీసు అంటించారు. మా నాన్నగారు కన్నుమూసింది ఈ ఇంట్లోనే. పాత తేదీతో తన పేరున అద్దె ఒప్పందం రాస్తే బ్యాంకు ఖాళీ చేయించలేదని మా బావమరిది అంటున్నాడు. సివిల్ కోర్టులో స్టే వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో నాన్నగారి గురించే రెండు పేజీలు. గేటుకు అంటించిన కాగితం మీద తేదీ మాత్రం ఎక్కడా రాయలేదు. మీ కేసు మొత్తం ఆ తేదీ మీదే ఉంది.

సివిల్ కోర్టు సంగతి ముందు తేల్చేద్దాం. స్టే రాదు. బ్యాంకు మీ మీద చర్య తీసుకున్నది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, అంటే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలును బ్యాంకులకు ఇచ్చే చట్టం కింద. ఆ చట్టం సెక్షన్ 34 సివిల్ కోర్టుకు దారి మూసేసింది. మీరు వెళ్లాల్సింది రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్టీకి. సెక్షన్ 17 కింద దరఖాస్తు వేయడానికి స్వాధీనం చర్య జరిగిన రోజు నుంచి 45 రోజులు గడువు. ‘ఇంకా ఇంట్లోనే ఉన్నాం, తాళం వేయలేదు కదా’ అని లెక్క వాయిదా వేయకండి. కాగితం అంటించి తీసుకునే నామమాత్రపు స్వాధీనం మీద కూడా డీఆర్టీకి వెళ్లవచ్చని 2018లో హిండన్ ఫోర్జ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తాళం పడేదాకా ఆగకుండా ఈ నోటీసు తేదీ నుంచే రోజులు లెక్కపెట్టుకోండి. గడువు దాటాక వెళితే ముందు ఆలస్యం గురించే వాదించుకోవాలి, ఇంటి గురించి తర్వాత. కోపంలో ఆ కాగితం చింపేసి ఉంటే రేపే బ్రాంచికి వెళ్లి కాపీ అడగండి.

రిజిస్టర్డ్ పోస్టు వెనక్కి పంపడం చాలా పెద్ద పొరపాటు. కవరు వెనక పోస్ట్‌మ్యాన్ ‘తీసుకోలేదు’ అని రాసి సంతకం పెడతాడు. ఆ ఒక్క మాట చూపించి, నోటీసు మీకు అందినట్టే అని బ్యాంకు వాదిస్తుంది, కోర్టులూ మామూలుగా అలాగే చూస్తాయి. బాకీ కట్టడానికి ఆ నోటీసు ఇచ్చే 60 రోజుల గడువు దాని వల్ల ఆగలేదు. ఆ 60 రోజుల్లో మీరు అభ్యంతరం రాసి ఉంటే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాల్సి వచ్చేది. ఇవ్వకపోతే ట్రిబ్యునల్లో అదే మీ చేతిలో ఆయుధం అయ్యేది. తీసుకోని ఉత్తరంతో ఆ ఆయుధం పోగొట్టుకున్నారు.

క్రెడిట్ కార్డుల విషయమూ అంతే. గట్టిగా అరిచినవాడికి ముందు కట్టారు. కార్డు బాకీకి తాకట్టు లేదు. మీ ఇంటి జోలికి రావాలంటే వాళ్లు దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, జప్తుకు వెళ్లాలి. హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంకుకు అవేవీ అక్కర్లేదు. అది అరవకుండానే ఇల్లు తీసుకోగలదు. వడ్డీ కార్డుదే ఎక్కువ, కాదనను. అయినా చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఇల్లు పోగొట్టే అప్పుకే ముందు కట్టాలి.

ఇక బావమరిది గారి సలహా. ఈ పని అస్సలు చేయకండి. 60 రోజుల నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మడం, లీజుకివ్వడం చట్టం నిషేధించింది. అతిక్రమిస్తే ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సాయపడ్డవారికీ అంతే. పాత తేదీ వేస్తే అది ఫోర్జరీ కేసు దాకా పోతుంది. స్టాంపు కాగితం మీద అమ్మిన తేదీ, నంబరు ఉంటాయి, వెండర్ దగ్గర రిజిస్టరు ఉంటుంది. పైగా నిజమైన అద్దెదారుల వాదననే డీఆర్టీ గుచ్చిగుచ్చి పరిశీలిస్తుంది. మీ ఆవిడ పేరున గిఫ్ట్ డీడ్ రాసే ఆలోచన ఉన్నా మానుకోండి. ఇంటి కోసం మొదలైన గొడవ పోలీస్ స్టేషన్‌లో తేలుతుంది.

40 వేల సంగతికి వద్దాం. రసీదు లేకుండా నగదు ఇచ్చారంటే తప్పు మీదే. అయినా అంతా పోలేదు. ఆ రోజు ఏటీఎంలో తీసి ఉంటే మీ ఖాతాలో కనిపిస్తుంది. ఆ మనిషితో మాట్లాడిన కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటాయి. ఒక్కటీ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. లోన్ ఖాతా స్టేట్‌మెంట్ అడిగి తీసుకుని ఆ సొమ్ము జమ అయిందో లేదో చూడండి. కాకపోతే తేదీ, మొత్తం రాసి బ్రాంచికి ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. అదే స్టేట్‌మెంట్‌లో బాకీ 90 రోజులు దాటాకే ఖాతాను మొండి బాకీ కింద చూపించారో లేదో కూడా తేలుతుంది. స్వాధీనం నోటీసును ఏడు రోజుల్లోపు రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో వేయాలి. వేశారా? ట్రిబ్యునల్లో మీకు పనికొచ్చేవి ఇలాంటి లోపాలే. కన్నీళ్లు కాదు.

డీఆర్టీకి వెళ్లాలంటే బాకీలో కొంత ముందు కట్టాలని ఎవరైనా చెబితే నమ్మకండి. బాకీలో 75 శాతం ముందు కట్టాలన్న పాత షరతును 2004లోనే మార్డియా కెమికల్స్ తీర్పులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ ఓడి అప్పీలుకు వెళితేనే సగం కట్టమంటారు. అదీ 25 శాతం దాకా తగ్గించవచ్చు.

కేసు వేసి ఊరుకోకండి, డబ్బు దారి కూడా చూడాలి. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం పూర్తయ్యేదాకా ఉంటుందని చాలామంది అనుకుంటారు. 2016 సవరణ తర్వాత అది వేలం ప్రకటన వెలువడే దాకానే. 2023లో సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది. మొత్తం కట్టలేకపోతే, పాత వాయిదాలన్నీ ఒకేసారి కట్టేస్తాను, ఖాతాను మామూలు స్థితికి తెండి అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం. ఒకటి రెండు ఈఎంఐలు కట్టి వస్తే లాభం లేదు. బకాయి పూర్తిగా తీరితేనే మొండి బాకీ ముద్ర తీయాలని రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది. ఇంట్లో బంగారం ఉందని రాశారు. దాన్ని కార్డుల వాళ్లకు కాదు, ఈ హోమ్ లోన్ బాకీకి వాడండి. బ్యాంకు ఒప్పుకున్నది కాగితం మీద వచ్చాకే కట్టండి, అదీ ఖాతా ద్వారానే.

మన తెలుగు రాష్ట్రాల్లో డీఆర్టీలు హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. మీ ఊరు దేని పరిధిలోకి వస్తుందో ఈ కేసులు చూసే న్యాయవాదిని అడగండి. వెళ్లేటప్పుడు గేటు నోటీసు, లోన్ ఒప్పందం, స్టేట్‌మెంట్, ఆ ఫోన్ తీసుకెళ్లండి. బావమరిది గారిని మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి.