షుగర్ తగ్గిస్తుందన్న మూలికల సీసా: లేబుల్‌లో ఏం చూడాలి?

మీ నాన్నగారికి షుగర్ ఉందనీ, చుట్టాలు పొడపత్రి, కాకర, నేరేడు గింజలు కలిపిన సీసా తెచ్చారనీ, మాత్రలతో పాటు తాగించవచ్చా అనీ అడిగారు. డాక్టరుకి చూపించే వరకూ మూత తీయకండి. మాది పర్లాకిమిడి. ఇలాంటిదే మా అమ్మ తాగింది.

పాతపట్నం నుంచి వస్తూ మా పిన్ని ప్రేమగా తెచ్చింది. సీసా మీదంతా ఇంగ్లీషు, హిందీ. అమ్మ చదవగలిగింది తెలుగొక్కటే. రెండు పూటలా తాగింది, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర కూడా వేసుకుంది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. మీటరులో చూస్తే షుగర్ 52. పంచదార నీళ్లు పట్టించి ఆసుపత్రికి పరుగెత్తాం. సీసా వల్లేనని డాక్టరు తేల్చి చెప్పలేదు, ముందు రాత్రి అమ్మ అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ మాత్రకి ఇది తోడైతే షుగర్ పడిపోవచ్చు, ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు.

ఆ మధ్యాహ్నం సీసా మొత్తం చదివాను. ఏడు మూలికల పేర్లు, కింద అన్నిటికీ కలిపి '5 మి.లీ.కి 500 మి.గ్రా.' అని ఒకటే అంకె. అందులో పొడపత్రి 400 ఉందో 4 ఉందో తెలిసే దారి లేదు. ఆయుర్వేద మందైతే ఆ మాటే లేబుల్ మీద ఉండాలి, ప్రతి మూలికకీ విడిగా పరిమాణం, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. మా సీసా మీద ఉన్నది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. అది ఆహార పదార్థాలకిచ్చే లైసెన్సు. షుగర్ తగ్గుతుందని పరీక్షించి ఇచ్చింది కాదు. 'మందుగా వాడటానికి కాదు' అని చిన్న అక్షరాల్లో అచ్చు వేసి, కరపత్రంలో మాత్రం షుగర్ పూర్తిగా నయమవుతుందని రాశారు. మధుమేహం నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది.

పరిశోధనల్లో రుజువైందని కూడా ఆ కరపత్రంలో ఉంది. వెతికితే మద్రాసు పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం దొరికింది. 22 మందికి రోజుకు 400 మి.గ్రా. పొడపత్రి సారం, 18 నుంచి 20 నెలలు, మాత్రలతో పాటే ఇచ్చారు. షుగర్ తగ్గింది, మాత్రల మోతాదు తగ్గించగలిగారు, ఐదుగురైతే మాత్రలే మానేశారు. తీసిపారేయాల్సిన ఫలితం కాదు. అయితే వాళ్లు వాడింది కొలత తెలిసిన ఒకే ఆకు సారం. ఏడు మూలికలు ఎంతెంతో తెలియని మన సీసాకి ఆ రుజువు చెల్లదు. పైగా అక్కడ మాత్రలు తగ్గించారంటే ఆకుకి బలం ఉన్నట్టే కదా! మరి ఇంట్లో మనంతట మనం కలిపితే మాత్ర ఎంత తగ్గించాలో ఎవరు చూస్తారు?

ఒక చెంచాలో పొడపత్రి ఎంతుందని సీసా మీది నంబరుకి ఫోన్ చేసి అడిగాను. అది తమ ఫార్ములా, చెప్పలేమన్నారు. మిగిలింది పారబోశాం. పిన్నికి కోపం లేకుండా అంతా చెప్పాను.

మీరు సీసా నాలుగు వైపులా ఫోటోలు తీసి, నాన్నగారి మాత్రల చీటీతో పాటు డాక్టరుకి చూపించండి. బెల్లం, తేనె కలిపారేమో కూడా చదవండి. పేరులో ఆసవం, అరిష్టం అని ఉంటే పులియడం వల్ల కొంత ఆల్కహాల్ కూడా ఉంటుంది. ఇప్పటికే తాగి ఉంటే ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మీటరుతో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టించి, పావుగంటకి మళ్లీ చూడండి. మగతగా ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.