శాన్ హువాన్ వెళ్తున్న సంధ్యకు

చి.ల.సౌ. సంధ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

డిసెంబరు సెలవుల్లో అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికా ఏలుబడిలో ఉన్న పోర్టోరికో ద్వీపానికి వెళ్తున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఉన్న నాలుగు రోజుల్లో మూడు బీచ్‌కీ అడవికీ పోయాయి, దాని రాజధాని శాన్ హువాన్‌లోని పాత ఊరికి ఒక్క మధ్యాహ్నం మిగిలింది. దాన్ని మార్చు తల్లీ. బీచ్‌లు మీకు ఫ్లోరిడాలోనూ ఉన్నాయి. 1521లో స్థిరపడిన ఊరు, చాలావరకు నిలిచిన కోటగోడలతో ఇంకా జనం కాపురం ఉంటున్న ఊరు, అమెరికా జెండా కింద మరొకటి లేదు. దానికి రెండు ఉదయాలు పూర్తిగా ఇవ్వు.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మీ నాన్న అప్పుడే టెన్షన్ పడుతున్నాడట. డల్లాస్ నుంచి శాన్ హువాన్‌కి వెళ్లడం దేశంలో ప్రయాణమే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టులు మాత్రం అందరివీ దగ్గర పెట్టుకోండి. దారిలో వేరే దేశంలో దిగే విమానం తీసుకోవద్దు. అక్కడి రేవు నుంచి ఓడ ఎక్కి పక్క ద్వీపాలు చూద్దామని ఎవరైనా అంటే ఊఁ అనేముందు ఆ దేశాల వీసా నియమాలు చూసుకో.

ఇక అసలు విషయం. అందరూ ఫొటోల్లో చూసిన ఎల్ మొర్రో కోటకి పరిగెత్తుతారు. మీరు మొదటి ఉదయం ఊరికి నేల వైపున్న రెండో కోట శాన్ క్రిస్టోబల్‌కి వెళ్లండి. ఎందుకో చెప్తాను, పిల్లలకి కూడా ఇలాగే చెప్పు, చరిత్ర దానంతట అదే అర్థమవుతుంది.

ఎల్ మొర్రో పని 1539లో మొదలైంది. అది సముద్రం వైపు కాపలా. అమెరికా ఖండాల నుంచి వెండి మోసుకెళ్లే స్పెయిన్ ఓడల దారిలో ఈ ద్వీపం ఒక తలుపులాంటిది, అందుకే దాని మీద అందరి కన్నూ పడింది. 1595లో ఇంగ్లిష్‌వాడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలతో వచ్చి ఫిరంగి దెబ్బలు తిని వెళ్లిపోయాడు. మూడేళ్లకి ఇంకో ఇంగ్లిష్ ప్రభువు, కంబర్లాండ్, తెలివిగా సముద్రం వైపు కాకుండా తూర్పున దిగి నేల మీదుగా నడిచొచ్చి ఊరినీ కోటనీ పట్టేశాడు. కానీ రక్తవిరేచనాలు పట్టుకుని అతని సైన్యం సగం కూలబడింది, కొద్ది వారాలకే వదిలేసి పోవాల్సొచ్చింది. 1625లో డచ్చివాళ్లు రేవులోకి చొరబడి ఊరు తగలబెట్టారు, ఎల్ మొర్రో మాత్రం లొంగలేదు. ఆ తర్వాతే ఊరి చుట్టూ గోడ లేచింది, నేల వైపు దారి మూయడానికి శాన్ క్రిస్టోబల్ మొదలైంది. 1762లో క్యూబాలో స్పెయిన్ చేతిలో ఉన్న హవానాని బ్రిటిష్‌వాళ్లు పట్టుకోవడంతో స్పెయిన్‌కి భయం పట్టుకుని, 1765 నుంచి దీన్ని ఇప్పుడు మనం చూసేంత పెద్దది చేశారు. 1797లో బ్రిటిష్‌వాళ్లు మళ్లీ నేల మీదుగానే వచ్చారు, ఈసారి ఊళ్లోకి రాలేకపోయారు.

శాన్ క్రిస్టోబల్‌లో ఒక గోడ వెనక ఇంకో గోడ, మధ్యలో కందకం, కింద సొరంగాలు. శత్రువు ఒకటి దాటినా లోపలివాళ్ల తుపాకులు ఇంకా పైనుంచి చూస్తూనే ఉంటాయి. పెద్ద ప్రాంగణంలో నిలబడి నేల వాలు గమనించండి. పడిన ప్రతి వాన చుక్కా కింద ఉన్న ఐదు పెద్ద నీటి తొట్లలోకి వెళ్లేలా కట్టారు. చెరసాలగదిలో గోడ మీద ఎవరో ఖైదీ గీసిన ఓడల బొమ్మలున్నాయి, తెరచాపలు, తాళ్లతో సహా. మీ చిన్నాడికి బొమ్మలు ఇష్టం కదా, అక్కడ తొందర పెట్టకు.

రెండో ఉదయం ఎల్ మొర్రో. కారు కోట దాకా వెళ్లదు, చాలా దూరం పచ్చిక మైదానం మీదుగా నడవాలి, చెట్టు నీడ ఉండదు. గేటు తెరిచే వేళకే చేరుకోండి. అమ్మ మోకాళ్లకి పై అంతస్తు చాలు. కింది ఫిరంగుల దాకా నీ భర్త పిల్లల్ని తీసుకెళ్తాడు, నువ్వు అమ్మతో పైన కూర్చో. మూడు జెండాలు పక్కపక్కన ఎగురుతుంటాయి: అమెరికాది, పోర్టోరికోది, తెల్లగుడ్డ మీద ఎర్రని ముళ్ల కర్రలు అడ్డంగా వేసినట్టుండే పాత స్పెయిన్ సైన్యం జెండా. 1898లో స్పెయిన్ ఓడిపోయి ద్వీపాన్ని అమెరికాకి అప్పగించింది. ఆ కథంతా ఆ మూడు గుడ్డల్లో ఉంది. మైదానంలో గాలి బాగా వీస్తుంది, స్థానికులు గాలిపటాలు ఎగరేస్తుంటారు. పిల్లలకి ఒకటి కొనివ్వు.

పిల్లలకి ఒక్క మాట తప్పకుండా చెప్పు. ఈ గోడలకి డబ్బు మెక్సికో వెండి నుంచి వచ్చింది. రాళ్లు మోసినవాళ్లలో ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు ఎంతోమంది. పోర్టోరికోలో బానిసత్వం రద్దయింది 1873లో. ఎంత అందంగా ఉందో అని మురిసిపోయే ముందు అది వాళ్లకి తెలియాలి.

ఊళ్లో నడవడానికి గట్టి అడుగు ఉన్న బూట్లు అందరికీ. వీధుల్లో నీలంగా మెరిసే ఇటుకలు ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెంతో చేసినవి. వాన పడితే విపరీతంగా జారుతాయి, నాన్నని చెప్పులతో రానివ్వకు. సాయంత్రం పూట ఎర్రటి శాన్ హువాన్ ద్వారం దగ్గరికి వెళ్లండి. పూర్వం ఓడ దిగినవాళ్లు ఆ ద్వారంలోంచి నేరుగా పైకి నడిచి, క్షేమంగా చేరినందుకు కతీడ్రల్ అనే పెద్ద చర్చిలో దణ్ణం పెట్టుకునేవాళ్లట. మీరూ అదే వీధి ఎక్కండి. కతీడ్రల్‌లో పోన్సే దె లియోన్ సమాధి ఉంది. ద్వీపంలో స్పెయిన్ వలసని మొదలుపెట్టినవాడు ఆయనే.

భోజనం. మోఫోంగో అని పచ్చి అరటికాయ ముక్కలు వేయించి వెల్లుల్లి వేసి చెక్క రోట్లో దంచుతారు, అమ్మకి తెగ నచ్చుతుంది. కానీ మామూలుగా అందులో పందితోలు వేపుడు కలుపుతారు. కందులు వేసి వండే అన్నంలోనూ, చిక్కుడుగింజల కూరలోనూ తరచు పందిమాంసం ఉంటుంది. ‘మాంసం వద్దు’ అంటే కొన్నిచోట్ల గొడ్డుమాంసం ఒక్కటే అనుకుంటారు. హామ్, చికెన్, చేప అన్నీ పేరుపేరునా వద్దని చెప్పు. ఇంగ్లిష్ చాలామందికి వచ్చు. టోస్టోనెస్, అంటే రెండుసార్లు వేయించిన అరటికాయ బిళ్లలు, పిల్లలు గొడవ పెట్టకుండా తింటారు.

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖవాళ్లు బ్యాగులన్నీ స్కాన్ చేస్తారు, కాబట్టి ఒక అరగంట ముందే బయల్దేరండి. తాజా పళ్లు చాలావరకు పట్టుకెళ్లనివ్వరు. వేయించిన కాఫీ గింజలకి అభ్యంతరం లేదు, అక్కడి కొండల కాఫీ చాలా బాగుంటుంది.

మొదటి రెండు రాత్రులు గోడల లోపలే ఉండండి, కారు అద్దెకి తీసుకోవద్దు, ఆ సందుల్లో పార్కింగ్ దొరకదు. అక్కడ చాలా హోటళ్లు పాత ఇళ్లే, కొన్నింటికి లిఫ్టు ఉండదు. డబ్బు కట్టేముందు లిఫ్టు ఉందో లేదో ఫోన్ చేసి అడుగు, లేకపోతే కింది అంతస్తులోనే గది ఇమ్మని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ