చందా వేసే ముందు ఇంటాయన దగ్గరకు వెళ్ళండి

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మా వీధిలో అద్దెకుంటున్న ఒకావిడ నాకు చెల్లెలి వరస. భర్త సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళాడు, ఆర్నెల్లుగా డబ్బు సరిగ్గా పంపడం లేదు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. అప్పడాల పనిలో ఆమెకు నెలకు 7 వేలొస్తాయి. అద్దె 3,500. నాలుగు నెలల బాకీ 14 వేలయింది, ఇంటాయన దగ్గర అడ్వాన్సు 7 వేలుంది. ఇవి కాక గ్రూపు లోను కిస్తీ వారానికి 600. నెలాఖరుకు ఖాళీ చేయమన్నారట. వాట్సాప్‌లో పెట్టి చందా పోగేద్దామని నేను, మన ఇంట్లోనే ఉంచుకుందామని మా అమ్మ అంటున్నాం. మా ఆవిడకు రెండూ నచ్చలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట కొట్టిపారేయకండి. నలుగురు మనుషులు వచ్చి ఇంట్లో ఉంటే వంటా, నీళ్ళూ, బట్టలూ చూసుకోవలసింది ఆవిడే. వాట్సాప్ సంగతికొస్తే, మీ చెల్లెలి బాకీ వీధంతా చదివిన మర్నాటి నుంచి ఆమె అప్పడాల కొట్టుకు వెళ్ళడానికే సిగ్గుపడుతుంది. ముందు మీ ఆవిడనే పంపి, సాయం పుచ్చుకుంటుందేమో, ఎవరెవరికి చెప్పవచ్చో ఆమెనే అడిగించండి.

తర్వాత ఇంటాయన దగ్గరకు మీరూ, ఆయన మాట కాదనలేని పెద్దమనిషి ఒకరూ వెళ్ళండి. ఇల్లు సొంతానికి కావాలా, బాకీ కోసమేనా అన్నది మొదట తేలాలి. సొంతానికైతే ఎంత చందా వేసినా లాభం లేదు, రెండు నెలల గడువు కాగితం మీద రాయించుకోండి. బాకీ కోసమే అయితే బేరం ఉంది: 7 వేలు ఇప్పుడు, మిగతా 7 వేలు అద్దెతో పాటు నెలకు వెయ్యి చొప్పున ఏడు నెలలు. అడ్వాన్సులో పట్టుకోమని మాత్రం అనకండి. రేపు చిన్న గదిలోకి మారవలసి వస్తే చేతిలో ఉండేది అదొక్కటే.

ఇప్పుడే ఖాళీ చేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. కొత్తింటికి రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 10,500, పైన సామాను బండి కిరాయి. అడ్వాన్సు పట్టుకున్నా పాత బాకీలో ఇంకా 7 వేలు మిగులుతుంది. అందుకే ఉన్న ఇల్లు నిలబెట్టడమే చవక.

ఏడిళ్ళవాళ్ళు చాలు. ఇంటికి వెయ్యి ఒకసారి, ఆపైన మూడు నెలలపాటు నెలకు 500. మొదటిది ఇంటాయనకు వెంటనే ఇవ్వాల్సిన 7 వేలు, రెండోది నెల అద్దె. డబ్బు ఆమె చేతికి ఇవ్వకండి. ఆమె మీద అనుమానంతో కాదు, కిస్తీవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే ఏ ఆడమనిషైనా ఆ డబ్బే తీసి ఇస్తుంది. ఇంటాయన ఖాతాకే ఫోన్‌పే చేసి, ఏ నెల అద్దెకో రాయండి. ఎంత ముట్టింది, ఎంత మిగిలింది, బాకీ తీరుతున్నన్నాళ్ళూ ఖాళీ చేయమనను అని రెండు ప్రతుల మీద సంతకాలు పెట్టించండి.

అసలు చిక్కు నాలుగో నెలలో వస్తుంది. కిస్తీ నెలకు 2,600 దాకా పోతే ఆమెకు మిగిలేది 4,400. అద్దె, బాకీ కలిపి 4,500. కాబట్టి ఆ మూడు నెలల్లో రాబడి పెంచాలి, లేదా రెండు వేల గది వెతకాలి. ఒడిశా ప్రభుత్వపు సుభద్ర పథకంలో 21 నుంచి 60 ఏళ్ళ లోపు ఆడవాళ్ళకు, అర్హత ఉంటే, ఏటా రెండు విడతల్లో 10 వేలు పడుతుంది. చాలాచోట్ల ఆగేది ఆధార్‌తో ఖాతా కలపకో, ఈ-కేవైసీ కాకో. బ్యాంకుకు తీసుకెళ్ళి చూపించండి. అత్తగారికి 60 నిండితే ఒడిశా ప్రభుత్వమే ఇచ్చే మధుబాబు పింఛనుకు పెట్టండి. రేషన్ కార్డులో నలుగురి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. మన తెలుగు ఆడవాళ్ళకు ఒడియా మాట్లాడటం వచ్చినా రాయడం రాదు, అర్జీ రాసేవాడు పక్కన లేకే సగం పనులు ఆగిపోతాయి. మన సంఘం చేయగల సాయం ఇక్కడుంది.

సూరత్ సంగతి ఫోన్లో తేలదు. అక్కడే ఉన్న మనూరి కుర్రాడెవరినైనా అతని గదికి పంపండి. జబ్బా, పని పోయిందా, తాగుడా అన్నదాన్ని బట్టి మీరు చేసేది మారుతుంది.

కిస్తీవాళ్ళు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. వాయిదా తగ్గించమని సంస్థను రాతపూర్వకంగానే అడగండి.

ఇంటాయన కరెంటు తీసేసినా, తాళం వేసినా భయపడకండి. రాతకోతలు లేని నెలవారీ అద్దెకు కూడా 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆపైనా కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతాన గెంటకూడదు. గెంటితే ఆరు నెలల లోపు దావా వేసి మళ్ళీ ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి. ఆ రోజు తలదాచుకోను చోటు కావాల్సి వస్తే మీ ఇల్లే. కాకపోతే మూడు వారాలని ముందే చెప్పండి, వంట వేరు పెట్టించండి. పెళ్ళిళ్ళ సీజన్లో సంఘం కల్యాణమండపంలో గది దొరుకుతుందనుకోకండి.