డాక్టర్ సలహా: తలనొప్పికి సైకియాట్రిస్ట్ దగ్గరికి ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఆరేళ్లుగా తలకు ఒక పక్క పోటు, వాంతులు. మైగ్రేన్ అన్నారు. ఏడాదిగా దాదాపు రోజూ నొప్పే. మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేసుకుంటే నాలుగు గంటలు తగ్గి మళ్లీ వస్తోంది. ఎంఆర్‌ఐ నార్మల్. ఇప్పుడు సైకియాట్రిస్ట్‌ను కలవమంటున్నారు. నాకు పిచ్చి అనుకుంటున్నారా? ఇంకోసారి స్కాన్ తీయించమంటారా? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, దేని మీదా మనసు పోవడం లేదు. - ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, స్కాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మాత్రల గురించి చెప్పండి. నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో రాయలేదు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని రోజువారీ చేసేయొచ్చు. మీరు రాసిన తీరు చూస్తే నాకు ఆ అనుమానమే ఎక్కువ. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది పర్సులోంచి చిన్న కాగితం పొట్లం తీస్తారు. అందులో షీటు నుంచి కత్తిరించిన నాలుగు మాత్రలు. మందు పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ అసలుండదు. ఏం మందమ్మా అంటే 'తెల్లది, గుండ్రంగా ఉంటుంది' అంటారు. బామ్ రాసి రాసి కణతల దగ్గర చర్మం నల్లగా కమిలి ఉంటుంది. బడి పిల్లలకు పాఠం చెప్పే మీరు కూడా పేరు తెలియని మాత్ర ఏడాదిగా మింగుతుంటే నాకు బాధ, కోపం రెండూ వస్తున్నాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఎక్కువగా వాడితే కడుపులో పుండ్లు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఒకసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి.

మాత్రలు మానేటప్పుడు వారం, పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. చాలామంది అక్కడే భయపడి మళ్లీ మొదలుపెడతారు. అందుకే డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. నిద్రమాత్రలు కూడా వాడుతుంటే సొంతంగా అస్సలు ఆపొద్దు.

ఇక పిచ్చి అనే మాట. అది మీకు ఎవరూ అనలేదు, మీరే అనుకున్నారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన మిగతావాళ్ల కంటే ఎక్కువ. డిప్రెషన్ ఉన్నవాళ్లకు మైగ్రేన్ వచ్చే అవకాశమూ ఎక్కువే. మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాలకు రెండింటితోనూ సంబంధం ఉంది. దానికి తోడు, నొప్పి ఎప్పుడొస్తుందోనన్న భయంతో పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, రాకముందే మాత్ర వేస్తారు, నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మర్నాడు మళ్లీ నొప్పి. మీరు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం, మూడింటి మెలకువ, దేని మీదా మనసు పోకపోవడం, డిప్రెషన్ లక్షణాలు కావచ్చు. వెంటనే చూపించుకోవాల్సింది అదే.

మైగ్రేన్ రాకుండా ఇప్పటికే ఏమైనా మందు రాశారా? ఫ్లూనరిజిన్, టోపిరమేట్ కొందరిలో దిగులును పెంచుతాయి. అవి వాడుతుంటే రాసిన డాక్టర్‌కు మీ నిద్ర, దిగులు సంగతి చెప్పండి. రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తే, 'ఇది డిప్రెషన్ మందట' అని నెట్‌లో చదివి పారేయకండి. అది మైగ్రేన్ రాకుండా కూడా ఇస్తాం. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడు మళ్లీ స్కాన్ అవసరం కనిపించడం లేదు. అయితే ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, కాలు చేయి చచ్చుబడినా, మాట తడబడినా, చూపు మసకబారినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.

బతకడం ఎందుకు అనిపిస్తోందా? రాయడానికి మొహమాటపడి ఉంటే, ఇంట్లో ఒకరికి ఈ రోజే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఈ రోజు నుంచే క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజు సున్నా చుట్టండి, మాత్ర వేసుకున్న రోజు గీత పెట్టండి, పక్కన ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి. అపాయింట్‌మెంట్ కోసం నెల తిరిగేదాకా ఆగొద్దు. ఆ క్యాలెండర్‌తో పాటు పర్సులో ఉన్న పొట్లం కూడా పట్టుకెళ్లి సైకియాట్రిస్ట్‌కు, న్యూరాలజిస్ట్‌కు ఇద్దరికీ చూపించండి.