టీపీఎల్‌ఓ తర్వాత స్టెమ్ సెల్స్ వేయించాలా? మా లడ్డూ రెండు మోకాళ్ల అనుభవం

మీ ప్రశ్న ఇదీ: ఆరేళ్ల ల్యాబ్రడార్ కుక్కకి హైదరాబాద్‌లో టీపీఎల్‌ఓ సర్జరీ (మోకాలి లిగమెంట్ తెగిన కుక్కలకి ఎముక కోసి తిప్పి బిగించేది) అయి ఆరు వారాలైంది. ఎక్స్‌రేలో ఎముక కోసిన గీత ఇంకా కనిపిస్తోంది. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ వేస్తే త్వరగా అతుకుతుందని ఒక క్లినిక్‌లో అన్నారు, లక్ష దాకా అడుగుతున్నారు. వేయించాలా, వద్దా?

ఎముక అతకడం కోసమే అయితే, ఆరో వారంలో నేనైతే వేయించను. నేను డాక్టర్ని కాదు. కానీ ఒకే కుక్కకి ఒక మోకాలు స్టెమ్ సెల్స్ లేకుండా, రెండో మోకాలు స్టెమ్ సెల్స్‌తో చేయించిన మనిషిని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా లడ్డూ కూడా ల్యాబ్రడారే, పేరుకు తగ్గట్టే ఉండేవాడు, అప్పట్లో 41 కిలోలు. ఓ రోజు పొద్దున వెనక కుడికాలు నేలకి ఆనించకుండా మూడు కాళ్ల మీద గెంతుతూ వచ్చాడు. ఆడుతూ బెణికించుకున్నాడేమో అనుకున్నాం. డాక్టర్ చూసి, మోకాలి లోపల ఎముకల్ని తాడులా కలిపి పట్టే లిగమెంట్ తెగిందన్నారు. ఆటగాళ్లకి తెగినట్టు ఒక్క దెబ్బకి తెగేది కాదట కుక్కల్లో. చాలావరకు ఏళ్ల తరబడి పీచు పీచుగా బలహీనపడి, చివరికి ఏ చిన్న గెంతుకో పుటుక్కుమంటుంది. ఒక కాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోది కూడా తెగేది ఇందుకే. మావాడికి పద్నాలుగు నెలలకి ఆ ముచ్చటా తీరింది.

టీపీఎల్‌ఓలో తెగిన లిగమెంట్‌ని కుట్టరు. ఈ సంగతి చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది, సుమారు 25 డిగ్రీలు. బరువు పడినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద జారకుండా ఆపేది ఆ లిగమెంటే. ఓరెగాన్‌కి చెందిన బార్‌క్లే స్లోకమ్ అనే సర్జన్ దీన్ని తిరగేసి ఆలోచించాడు: తాడు తెగితే తాడు పేనడం ఎందుకు, వాలునే తగ్గిస్తే పోలేదా? గుండ్రటి రంపంతో ఎముక పైముక్కని కోసి, తిప్పి, వాలుని 5 డిగ్రీల దగ్గరికి తెచ్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. 1993లో ఆ పద్ధతి ప్రచురణ అయింది. అంటే మీ కుక్క కాలి ఎముక ప్రమాదంలో విరగలేదు. సర్జన్ శుభ్రంగా, కొలత ప్రకారం కోసి, వెంటనే గట్టిగా బిగించిన ఎముక అది. అలాంటి ఎముక చాలా కుక్కల్లో దానంతటదే అతుకుతుంది. మామూలుగా 8 నుంచి 12 వారాలు పడుతుంది, వయసు మీద పడిన కుక్కలకి ఇంకాస్త ఎక్కువ. అందుకే చాలామంది సర్జన్లు ఎక్స్‌రేకి ఎనిమిదో వారంలో రమ్మంటారు. ఆరో వారంలో గీత కనబడితే ఎముక అతకట్లేదని అర్థం కాదు, పని ఇంకా నడుస్తోందని.

మా సంగతికి వస్తే, మొదటి మోకాలికి స్టెమ్ సెల్స్ మాటే ఎవరూ ఎత్తలేదు. ఆ కాలు అతకడానికి పన్నెండు వారాలు పట్టింది, అదీ నా తప్పు వల్ల. మూడో వారంలో డోర్‌బెల్ మోగింది, వాణ్ని కదలకుండా ఉంచే బోను తలుపుకి గడియ పెట్టడం నేను మరిచాను. వీడు టైల్స్ మీద పరిగెత్తి, జారి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పెట్టి పడ్డాడు. మోకాలు వాచింది. పరుగున తీసుకెళ్తే ప్లేటు కదల్లేదన్నారు గానీ, ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ శత్రువుకి కూడా వద్దు.

రెండో మోకాలప్పుడు వేరే సర్జన్. ఆయన స్టెమ్ సెల్స్ ఆప్షన్ ఇచ్చారు. కుక్క ఒంట్లోంచే కాస్త కొవ్వు తీసి కాలిఫోర్నియాలోని ల్యాబ్‌కి కొరియర్‌లో పంపితే, అందులోంచి కణాలు వేరుచేసి రెండు రోజుల్లో తిరిగి పంపారు. వాటిని మోకాలి కీలులోకి ఎక్కించారు. సర్జరీ ఖర్చు మీద దాదాపు మూడు వేల డాలర్లు అదనం. ఈసారి ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికిపోయింది. ఇంట్లో అందరూ స్టెమ్ సెల్స్ మహిమే అన్నారు.

నేనూ కొన్నాళ్లు అలాగే నమ్మాను. తర్వాత కూర్చుని లెక్కేసుకుంటే, రెండోసారి మారింది అదొక్కటే కాదు. వాడి బరువు 34 కిలోలకి దించాం. హాలంతా యోగా మ్యాట్లు పరిచాం. డోర్‌బెల్ తీగ పీకేశాం. మత్తుగా, నెమ్మదిగా ఉండేందుకు డాక్టర్ రాసిన మాత్రలు వేళకి వేశాం. బోను గడియ పెట్టానా లేదా అని రోజుకి పదిసార్లు చూసుకున్నాను. ఇన్ని మారాక ఆ నాలుగు వారాల తేడా ఎవరి ఖాతాలో వేయాలి? పైగా, కణాలు వేసింది కీలులో. కోసిన ఎముక ఉండేది కీలు బయట, కింద. కాలు పట్టేయడం, పొద్దున లేవగానే బిగుసుకుపోవడం మాత్రం ఆ కాలిలో తక్కువే అనిపించింది. అది కీలు సంగతి, ఎముకది కాదు.

ఈ కణాలు వెళ్లి ఎముకగా మారిపోయి సందుని పూడ్చేస్తాయని చాలామంది ఊహించుకుంటారు, నేనూ సిమెంటు పోసినట్టే అనుకున్నా. ఇంజెక్షన్‌లో వెళ్లినవాటిలో ఎక్కువ భాగం అక్కడ ఎంతోకాలం బతకవు. ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల కణాలకి రసాయన సంకేతాలు పంపి, వాపు తగ్గించి, మరమ్మతు పని చేయిస్తాయి. 1991లో వీటికి మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లన్ గారే, ఆ పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది, మార్చండి అని 2017లో రాశారు. యూరప్‌లో 2022లో కుక్కల కోసం అనుమతి పొందిన డాగ్‌స్టెమ్ అనే మందు ఉంది, గుర్రం బొడ్డుతాడు కణాలతో చేస్తారు. ఆ అనుమతి కూడా కీళ్ల అరుగుదల వల్ల వచ్చే నొప్పికీ కుంటడానికీ, ఎముక అతకడానికి కాదు. ఇక మనుషుల విషయంలోనే మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ జబ్బులకి చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా ప్రయోగంగానే చేయాలంటున్నాయి.

ఆ క్లినిక్ వాళ్లని మూడు అడగండి. కణాలు ఎక్కడివి, మీ కుక్కవా, వేరే కుక్కవా? ఎక్కడ వేస్తారు, కీలులోనా, కోసిన చోటా? అసలు అవి స్టెమ్ సెల్సేనా, పీఆర్‌పీనా? పీఆర్‌పీ అంటే రక్తంలోంచి ప్లేట్‌లెట్లు చిక్కగా తీసి ఎక్కించడం. అది వేరే వైద్యం, ఖర్చూ చాలా తక్కువ. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. కుక్కకి ఎప్పుడైనా క్యాన్సర్ గడ్డ తీసి ఉంటే అది ముందే చెప్పాలి, అలాంటి కుక్కలకి సాధారణంగా స్టెమ్ సెల్స్ వేయరు.

అంతకన్నా ముఖ్యం, సర్జరీ చేసిన డాక్టర్‌కే ఎక్స్‌రే చూపించి స్క్రూలు వదులయ్యాయా, ప్లేటు కదిలిందా, ఇన్‌ఫెక్షన్ ఉందా అని అడగండి. కాలు బాగా వాడుతున్న కుక్క ఒక్కసారిగా మానేసినా, కుట్ల దగ్గర చీము, వేడి, వాపు కనబడినా ఎనిమిదో వారం దాకా ఆగొద్దు. ప్లేటు వదులైతే గట్టిగా బిగించాలి, ఇన్‌ఫెక్షన్ అయితే దాని మందు వాడాలి. ఏ కణాలూ ఆ పని చేయవు. నిజంగానే నెలలు గడిచినా అతకకపోతే, కుక్క ఒంట్లోంచే మెత్తటి ఎముక తీసి ఆ సందులో పెట్టే పాత పద్ధతి ఉంది. ఇవన్నీ చూశాక కూడా కీలు అరుగుదల ఎక్కువుందని డాక్టర్ అంటే, అప్పుడు స్టెమ్ సెల్స్ గురించి మాట్లాడుకోవచ్చు. ఆ లక్షలో ముందు ఓ పదివేలు మ్యాట్లకీ బోనుకీ పెట్టండి. మన ఇళ్లలో గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ కుక్క మోకాలికి పగవాళ్లు.

ఒకటి మరిచాను. మా అత్తగారిది నగరి దగ్గర, ఎముకల కట్టుకి పేరున్న పుత్తూరు పక్కనే. లడ్డూ ఎక్స్‌రే చూసి, "అంత కొయ్యడం దేనికమ్మా, పుత్తూరు తీసుకెళ్తే కట్టు కట్టి పంపేవాళ్లు కదా" అన్నారు. పైగా ఎముకలకి మంచిదని నల్లేరు పొడి కూడా తెచ్చారు, దాన్ని మేమే అన్నంలో కలుపుకుని తినేశాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే ఎముక బలానికని పాయా పెడతామంటారు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి, ఆ కొవ్వు అరక్క వాంతులు పట్టుకుంటే అదో తలనొప్పి. మంచి డాగ్ ఫుడ్ తినే పెద్ద కుక్కకి విడిగా కాల్షియం మాత్రలు కూడా అక్కర్లేదు.