ఫెర్రెట్లకు అడ్రినల్ జబ్బు ఎందుకు వస్తుంది?

ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు ఫెర్రెట్‌కు తోక దగ్గర మొదలై వెంట్రుకలు రాలుతుంటే చాలామంది చర్మవ్యాధి అనుకుంటారు. మూలం తరచుగా మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథుల్లో ఉంటుంది. అన్నిటికంటే బలంగా అనుమానించే కారణం, చిన్న వయసులోనే వృషణాలు లేదా అండాశయాలు తీసేయడం. అవి లేకపోతే మెదడుకు ‘ఇక చాలు’ అని చెప్పే హార్మోన్లు ఉండవు. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి, లైంగిక గ్రంథులను ప్రేరేపించే ఎల్‌హెచ్ హార్మోనును వదులుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి అడ్రినల్ గ్రంథి ఉబ్బి, ఒక్కోసారి కణితిగా మారి, లైంగిక హార్మోన్లను అతిగా తయారుచేస్తుంది. కుక్కల కుషింగ్స్ జబ్బులోలాగా ఇక్కడ సాధారణంగా కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరగదు. రాత్రి పొద్దుపోయేదాకా ఇంట్లో వెలిగే దీపాలు, చీకట్లో శరీరం తయారుచేసే మెలటోనిన్ హార్మోనును తగ్గించి ఈ ప్రేరణను ఇంకా పెంచుతాయని భావిస్తారు. వంశపారంపర్యం పాత్ర కూడా ఉండవచ్చు. మగ ఫెర్రెట్ మూత్రానికి ముక్కుతూ కనిపిస్తే మాత్రం దయచేసి ఆగకండి, వెంటనే పశువైద్యుడికి చూపించండి: మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రనాళం మూసుకుపోతే ప్రాణాపాయం.